ఇంటికి 60 మీటర్లలో గ్యాస్ లైను, కిలోమీటరులో టెర్మినల్: రిస్క్ రిపోర్టులో ఏం చూడాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: కోనసీమలో మీ ఇంటికి 60 మీటర్ల దూరంలో 18 అంగుళాల గ్యాస్ లైను పోతోంది, ఒత్తిడి 50 బార్ దాకా ఉంటుంది. కిలోమీటరు దూరంలో ఎల్పీజీ టెర్మినల్ పెడతామంటున్నారు. కన్సల్టెంటు రిపోర్టులో మీ ఇంటి దగ్గర ఒక మనిషి ఏడాదిలో ప్రమాదంలో చనిపోయే రిస్కు 3×10⁻⁷ అనీ, అది "ఆమోదయోగ్యం" అనీ రాశారు. ఆ అంకె ఎలా వచ్చింది, నమ్మొచ్చా, ప్రజాభిప్రాయ సేకరణలో ఏం అడగాలి?

సూటిగా చెప్తాను. ఆ లైను పూర్తిగా తెగి అంటుకుంటే మీ ఇల్లు మంట పరిధిలోనే ఉంటుంది, ఇందులో వాదనకు తావులేదు. తేలాల్సిందల్లా ఎంత తరచుగా తెగవచ్చన్నదే. 3×10⁻⁷ తప్పుడు అంకె కాకపోవచ్చు. కాకపోతే అది పొడి గ్యాస్ మోసే, సక్రమంగా చూసుకునే లైన్లకు సరిపోయే అంకె. మీ లైనులో నీళ్లు పేరుకుంటుంటే దానికి విలువ లేదు. కాబట్టి రిపోర్టులో రంగుల మ్యాపులు పక్కన పెట్టి, వైఫల్యాల రేటు ఎక్కణ్ణుంచి తెచ్చారో ముందు అడగండి. టెర్మినల్ విషయంలోనైతే గ్యాస్ నిల్వ ఉంచే పెద్ద గోళాల కన్నా లారీలు నింపే బేలు, పంపులు, డ్రెయిన్ వాల్వుల గురించి అడగండి.

మంట ఎంత దూరం వస్తుంది

ఇది మీరే లెక్క కట్టుకోవచ్చు. సహజ వాయువు లైన్లకు ఏఎస్‌ఎంఈ బి31.8ఎస్ అనే అమెరికా ఇంజినీర్ల ప్రమాణంలో ఒక సూత్రం ఉంది: ప్రభావ వ్యాసార్థం (మీటర్లలో) = 0.00315 × లైను వ్యాసం (మిల్లీమీటర్లలో) × ఒత్తిడి (కిలోపాస్కల్స్‌లో) వర్గమూలం. 18 అంగుళాలంటే 457 మి.మీ., 50 బార్ అంటే 5,000 కిలోపాస్కల్స్. దాని వర్గమూలం 70.7. మొత్తం గుణిస్తే సుమారు 102 మీటర్లు. ఇదే 30 అంగుళాల లైను 90 బార్‌లో నడిస్తే 228 మీటర్ల దాకా పోతుంది.

ఆ 102 మీటర్ల గీత దాటితే క్షేమం అనుకోకండి. ఆ గీత దగ్గర వేడి చదరపు మీటరుకు దాదాపు 15.8 కిలోవాట్లు. నడి ఎండలో నేల మీద పడేది ఒక కిలోవాట్, అటూఇటూగా. 12.5 దగ్గర నిప్పురవ్వ తగిలితే కర్ర అంటుకుంటుంది, ప్లాస్టిక్ కరుగుతుంది. 4 కిలోవాట్లున్నా 20 సెకన్లలో ఒళ్లు మండి తట్టుకోలేం. అంటే బయట ఉన్నవాడికి ఈ గీత ఆవల కూడా చాలా దూరం కాలిన గాయాలు తప్పవు. 2010 సెప్టెంబరు 9న కాలిఫోర్నియాలోని శాన్ బ్రూనోలో 30 అంగుళాల లైను పగిలినప్పుడు ఈ సూత్రం ప్రకారం రావాల్సింది 126 మీటర్లు. కాలిన ఇళ్లు సుమారు 180 మీటర్ల దాకా ఉన్నాయి. గాలి మంటను వంచుతుంది, ఇంటి నుంచి ఇంటికి అంటుకుంటుంది. సూత్రంలో ఇవేవీ లేవు.

రెండు వైపులా వాల్వులు మూసేస్తాం కదా అని కంపెనీ వాళ్లు అంటారు. మూసినా మధ్యలో ఉన్న గ్యాస్ బయటికి రాక తప్పదు. 18 అంగుళాల లైనులో 16 కిలోమీటర్ల ముక్క 50 బార్‌లో ఉంటే అందులో మామూలు ఒత్తిడి లెక్కన లక్ష ఘనపు మీటర్లకు పైనే గ్యాస్ ఉంటుంది. మనుషులు చనిపోయేది ఎక్కువగా మొదటి ఒకటి రెండు నిమిషాల్లో. వాల్వు త్వరగా పడితే మంట తొందరగా తగ్గుతుంది, ఫైరింజన్లు దగ్గరికి రాగలుగుతాయి, పక్క ఇళ్లు దక్కుతాయి. శాన్ బ్రూనోలో గ్యాస్ ఆపడానికి 95 నిమిషాలు పట్టింది. అందుకని వాల్వు రిమోట్‌తో పడుతుందా, మనిషి బండి మీద వెళ్లి తిప్పాలా అని అడగండి. మీ ప్రాణం లెక్కలో మాత్రం ఆ వాల్వుకు పెద్ద మార్కులు వేయకండి.

3×10⁻⁷ ఎలా పుట్టింది

10⁻⁶ అంటే ఒక మనిషి చనిపోవడానికి ఏడాదికి పది లక్షల్లో ఒక వంతు అవకాశం. 3×10⁻⁷ అంటే అందులో మూడో వంతు కన్నా తక్కువ. బయటి జనానికి 10⁻⁴ దాటితే ఒప్పుకోకూడదు, 10⁻⁶ కన్నా తక్కువైతే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు అని బ్రిటన్ పద్ధతి. మన దగ్గర కన్సల్టెంట్లు ఎక్కువగా దాన్నే వాడతారు. ఆ రెంటి మధ్య ఉంటే, సాధ్యమైనంత తగ్గించామని కంపెనీయే చూపించాలి.

ఇప్పుడు మీ ఇంటికి మోటు లెక్క వేద్దాం. యూరప్ గ్యాస్ లైన్ల ప్రమాదాల పట్టిక ఈజీఐజీ అని ఒకటుంది. 1970 నుంచి మొత్తంగా చూస్తే వెయ్యి కిలోమీటర్లకు ఏడాదికి సుమారు 0.3 వైఫల్యాలు. అంటే కిలోమీటరుకు 3×10⁻⁴. వీటిలో చాలావరకు సూది బెజ్జాలే. పూర్తిగా తెగేవి పదో వంతు అనుకుందాం: 3×10⁻⁵. మీ ఇల్లు 60 మీటర్ల దూరంలో ఉంది కాబట్టి, 102 మీటర్ల వృత్తం గీస్తే మీ ఇంటిని తాకగలిగే లైను పొడవు 165 మీటర్లు. గుణిస్తే సుమారు 5×10⁻⁶. పెద్ద లైను తెగినప్పుడు అంటుకునేది మూడింట ఒక సారి అనుకుంటే 1.6×10⁻⁶.

రిపోర్టులో ఉన్నదానికి ఇది ఐదు రెట్లు. వాళ్లు మోసం చేశారని కాదు. ఇటీవలి ఏళ్ల రేటు తీసుకుంటే 0.3 సగానికి పైగా తగ్గుతుంది. మనిషి రోజులో కొంతసేపు ఇంట్లో ఉండడనీ, గోడ కొంత కాపాడుతుందనీ మరికొంత తీసేస్తారు. పైపు మందం ఎక్కువని ఇంకొంచెం. ఒక్కొక్కటీ విడిగా చూస్తే సబబుగానే ఉంటుంది. అన్నీ ఒకే వైపు మొగ్గితే మాత్రం అడగాలి. తాటాకు వసారా, రేకుల ఇల్లు ఉన్నచోట "గోడ కాపాడుతుంది" అనే తగ్గింపు చెల్లదు. తోటలో, చేలో రోజంతా బయటే ఉండేవాళ్లకు "ఇంట్లో ఉంటారు" అనే తగ్గింపూ చెల్లదు.

ఇంతా చేసి ఇవన్నీ ఐదు రెట్ల తేడాలే. అసలు తేడా పైపు లోపల ఉంటుంది.

నగరం గ్రామం దగ్గర ఏమైంది

మీ జిల్లాలోదే కాబట్టి మీకు తెలిసే ఉంటుంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ 18 అంగుళాల లైను లీకై, గ్యాస్ పరుచుకుని అంటుకుంది. 20 మందికి పైగా చనిపోయారు, కొబ్బరి తోటలు మోడులయ్యాయి. పొడి గ్యాస్ కోసం ఉద్దేశించిన లైనులో నీరు, కండెన్సేట్ (గ్యాస్‌తో పాటు వచ్చే తేలిక నూనె) కలిసిన తడి గ్యాస్ పోవడం, లోపలి నుంచి పైపు తినేయడం అసలు కారణాలుగా తేలాయి.

పైపు అడుగున నీరు నిలిచిందనుకోండి. గ్యాస్‌లో ఉండే కార్బన్ డయాక్సైడ్ ఆ నీళ్లలో కరిగి ఆమ్లమవుతుంది. ఉక్కును అడుగు భాగంలో, గడియారంలో ఆరు అంకె ఉండే చోట, గుంటలు గుంటలుగా తింటుంది. లైను కాలువ కింద నుంచి పోయే చోట, వంపు తిరిగి పైకి లేచే చోట నీరు ఎక్కువ నిలుస్తుంది. గ్యాస్ వాడకం తగ్గి ప్రవాహం నెమ్మదించినా అంతే, నీటిని తోసుకుపోయే వేగం ఉండదు. సల్ఫేటును తినే బ్యాక్టీరియా చేరితే గుంట ఇంకా వేగంగా లోతవుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడతారు. క్యాథోడిక్ ప్రొటెక్షన్ (పైపుకు స్వల్పంగా కరెంటు ఇచ్చి తుప్పు ఆపే ఏర్పాటు) సరిగ్గా ఉంది, రీడింగు మైనస్ 0.85 వోల్టులు దాటింది, కాబట్టి తుప్పు భయం లేదని రిపోర్టులో రాస్తారు. అది పైపు బయటి తుప్పును మాత్రమే ఆపుతుంది. లోపలికి దానితో సంబంధమే లేదు. లోపలికి కావాల్సింది గ్యాస్‌ను లైనులోకి పంపే ముందే ఆరబెట్టడం, క్రమం తప్పకుండా పిగ్ (పైపు లోపల సాగుతూ శుభ్రం చేసే పరికరం) నడిపి నీటిని తోసేయడం, తుప్పు నిరోధక రసాయనం, పైపు గోడ మందం కొలిచే ఇంటెలిజెంట్ పిగ్. పిగ్ బయటికి వచ్చినప్పుడు దాని ముందు ఎన్ని లీటర్ల నీరు, ఎంత నల్లటి బురద వచ్చిందో రాసి ఉంచుతారు. ఆ బురదలో ఇనుము ఎంత, బ్యాక్టీరియా ఎంత అన్నది ల్యాబులో చూస్తారు. పొడి గ్యాస్ లైనని చెప్పినచోట పిగ్గు వెంట ప్రతిసారీ నీళ్లొస్తుంటే, రిపోర్టులోని వైఫల్యాల రేటు చించేయాల్సిందే. అలాంటి లైనుకు పది రెట్లు వేసుకున్నా నేను ఎక్కువనను. అప్పుడు మన మోటు లెక్కలో మీ ఇంటి అంకె 10⁻⁵ దాటుతుంది. "ఆమోదయోగ్యం" అనే మాట అక్కడితో సరి.

ఇంకో సంగతి. ట్రాన్స్‌మిషన్ లైన్లలో పోయే గ్యాస్‌కు మామూలుగా వాసన కలపరు. మన సిలిండరులో వచ్చేలాంటి ఘాటు వాసన దీనికి కలిపేది ఊళ్లకు పంపిణీ చేసే స్టేషన్ దగ్గర. కాబట్టి "వాసన వస్తే ఫోన్ చేయండి" అని కరపత్రం పంచితే సరిపోదు. బుసబుస శబ్దం, కాలువలో బుడగలు, ఎండిన మట్టి పైకి ఎగరడం, లైను మీద ఒక పట్టీలో గడ్డి మాడిపోవడం, తెల్లటి పొగమంచులాంటిది, ఇవి గుర్తుపట్టడం జనానికి నేర్పాలి.

వాతావరణం, చెట్లు, చెరువులు

రిపోర్టులో గాలి ఏది తీసుకున్నారో చూడండి. "5డి" అంటే సెకనుకు 5 మీటర్ల గాలి, మామూలు పగలు. "2ఎఫ్" అంటే గాలి దాదాపు ఆడని రాత్రి, తెల్లవారుజాము. గ్యాస్ చెదరకుండా నేలబారుగా ఎక్కువ దూరం పాకేది ఈ రెండోదానిలోనే. ప్రమాదాలు జరిగిన వేళలు చూడండి: నగరం గ్రామంలో తెల్లవారుజామే, 1997 సెప్టెంబరు 14న విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఉదయమే, 2009 అక్టోబరు 29న జైపూర్ ఇంధన డిపోలో గాలి లేని సాయంత్రం. 2ఎఫ్ లెక్క లేని రిపోర్టును అక్కడికక్కడే వెనక్కి పంపమనండి.

మీథేన్ గాలి కన్నా తేలిక, పైకి పోతుంది, అది నిజమే. కానీ 50 బార్ నుంచి ఒక్కసారిగా వ్యాకోచించిన గ్యాస్ చల్లబడి ఉంటుంది, కండెన్సేట్ తుంపర్లు తోడైతే కిందికే దిగుతుంది. ఆరుబయట మీథేన్ సాధారణంగా పేలదు, భగ్గున మండుతుంది. చెట్లు, పొదలు దట్టంగా ఉంటే మంట వాటి మధ్య వేగం పుంజుకుంటుంది. 2005 డిసెంబరు 11న ఇంగ్లండులోని బన్స్‌ఫీల్డ్‌లో పెట్రోలు ఆవిరి అంత భయంకరంగా పేలడానికి దారి పక్క చెట్ల వరుసే కారణమని తేల్చారు. కొబ్బరి, అరటి, కోకో కలిసి పెరిగే మీ తోటలను సాఫ్ట్‌వేరులో "ఖాళీ మైదానం"గా చూపించారేమో అడగండి.

ఇక రొయ్యల చెరువులు. ప్రపంచంలో ఎక్కడైనా గ్యాస్ లైన్లు పూర్తిగా తెగడానికి ముఖ్య కారణాల్లో ఒకటి బయటివాళ్ల తవ్వకం. తవ్వినవాడు గీత పెట్టి వెళ్లిపోతాడు, పైపు తర్వాతెప్పుడో తెగుతుంది. 2004 జూలై 30న బెల్జియంలోని గిస్లెంఘియెన్‌లో 24 మందిని బలిగొన్నది అలాంటి గీతే, ఒత్తిడి పెంచినప్పుడు విచ్చుకుంది. మీ దగ్గర రాత్రికి రాత్రి ప్రొక్లైన్ పెట్టి చెరువులు తవ్వేస్తారు. పైగా ఉప్పునీరు ఇంకిన నేల పూత దెబ్బతిన్న పైపును బయటి నుంచీ తింటుంది. లైను వేసిన నాడు మీటరు లోతున్నది ఈరోజు ఎంతుందో, గట్టు మట్టి తీసేశారేమో కొలిచిన లెక్క ఉండాలి. 1962 పెట్రోలియం పైపులైన్ల చట్టం ప్రకారం కంపెనీ హక్కు పొందిన, లైను పోయే నేల పట్టీలో ఇల్లు కట్టకూడదు, బావి, చెరువు తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. నాటితే చెప్పే నాథుడు ఉన్నాడా అన్నది వేరే ప్రశ్న. లైను వెంట నడిచి చూసుకునే లైన్ వాకర్ ఎన్నాళ్లకోసారి వస్తాడో మీకే బాగా తెలుసు, సభలో ఆ మాట చెప్పండి.

ఊరు పెరగడం కూడా రిస్కే. లైనుకు రెండు వైపులా 200 మీటర్లు, పొడవు 1.6 కిలోమీటర్లు తీసుకుని ఇళ్లు లెక్కపెడతారు. 10 దాకా ఉంటే క్లాసు 1, 46 గానీ అంతకు మించి గానీ ఉంటే క్లాసు 3. క్లాసు 1లో పైపు ఉక్కు బలంలో 72 శాతం దాకా వాడుకోవచ్చు, క్లాసు 3లో 50 శాతమే. అంటే అదే ఒత్తిడికి పైపు 1.44 రెట్లు మందం ఉండాలి, లేదా ఒత్తిడిని 69 శాతానికి దించాలి. చివరిసారి ఇళ్లు ఎప్పుడు లెక్కపెట్టారో అడగండి. మీరే గూగుల్ మ్యాపులో లెక్కపెట్టుకుని వెళ్తే ఇంకా మంచిది.

టెర్మినల్ సంగతి

ఎల్పీజీ వేరే జాతి. గాలి కన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు, 2 శాతం కలిసినా మండుతుంది, కాలువల్లోకి, పల్లంలోకి పాకుతుంది. పై సూత్రం దీనికి వాడకూడదు.

జనం భయపడేది గోళాలను చూసి. భయం అర్థం లేనిది కాదు. వెయ్యి టన్నుల గోళం కింద మంట పడి పగిలితే అగ్నిగోళం వ్యాసం సుమారు 580 మీటర్లు, 26 సెకన్లు మండుతుంది. 1984 నవంబరు 19న మెక్సికో సిటీ శివార్లలోని శాన్ హువానికోలో ఇలాగే వరుసగా పేలి సుమారు 500 మంది చనిపోయారు. కాకపోతే మట్టి కప్పిన పొడవాటి తొట్లు (మౌండెడ్ బుల్లెట్లు) పెడితే ఈ ప్రమాదం లెక్కలోంచి దాదాపు పోతుంది, ఎందుకంటే మంట తొట్టిని తాకదు. విశాఖలో 60,000 టన్నుల ఎల్పీజీ భూగర్భంలో రాతి గుహలో ఉంది, అదీ అంతే. మీ టెర్మినల్‌లో నేల మీద గోళాలు కడతామంటే, మౌండెడ్ ఎందుకు కాదో రాతపూర్వకంగా చెప్పమనండి.

మౌండెడ్ అయినా పైన ఉండే పైపులు, పంపులు, లారీ బేలు పోవు. నిజానికి లీకులు ఎక్కువగా వచ్చేది అక్కడే: పంపు సీలు, లోడింగ్ గొట్టం, గాస్కెట్టు, నీరు దించే డ్రెయిన్. గొట్టం విప్పకుండానే డ్రైవరు బండి కదిలిస్తాడు. దానికి మందు బ్రేక్‌అవే కప్లింగ్ (లాగితే ఊడి, రెండు వైపులా మూసుకునే జోడింపు), చక్రాల కింద దిమ్మలు, తాళంచెవి ఆఫీసులో పెట్టడం. డ్రెయిన్ దగ్గర రెండు వాల్వులు వరుసగా ఉండాలి. తొట్టి వైపుది ముందు పూర్తిగా తెరిచి, రెండోదానితో కొద్దికొద్దిగా వదలాలి. తిరగేసి చేస్తే ద్రవం ఆవిరయ్యే చలికి మంచుకట్టి రెండూ మూసుకోవు. 1966 జనవరి 4న ఫ్రాన్సులోని ఫెజాన్‌లో డ్రెయిన్ దగ్గర మొదలైన లీకే గోళం పేలేదాకా వెళ్లి 18 మందిని చంపింది. విశాఖలోనూ 1997లో ఓడ నుంచి ఎల్పీజీ దించుకుంటున్నప్పుడు లీకైన ఆవిరే, సుమారు 60 మంది పోయారు.

ఈ విషయాలు అడగండి:

- తొట్టి కింది ప్రధాన వాల్వు రిమోట్‌తో పడుతుందా, ఎన్ని సెకన్లలో? లీకు ఎంతసేపు సాగుతుందని లెక్కవేశారు? మనిషి వెళ్లి తిప్పాల్సి ఉంటే రెండు నిమిషాల్లో ఆగుతుందని రాయడం అన్యాయం.
- డిటెక్టర్లు మండే కనీస గాఢతలో ఎంత శాతానికి అలారం కొడతాయి? 20 శాతం మామూలు. పాడైపోయిన డిటెక్టర్లు ఈ నెలలో ఎన్ని?
- చల్లబరిచే నీరు చదరపు మీటరుకు నిమిషానికి 10.2 లీటర్లు, నాలుగు గంటల నిల్వ ఉండాలి. కరెంటు పోతే డీజిల్ పంపు తనంతట తానే తిరుగుతుందా?
- గేటు బయట రోడ్డు మీద ఆగే లారీలు లెక్కలో ఉన్నాయా? చాలా రిపోర్టులు ప్రహరీ దగ్గరే ఆగిపోతాయి. ఒక లారీలో సుమారు 18 టన్నులుంటే దాని అగ్నిగోళమే 150 మీటర్లు. 2024 డిసెంబరు 20న జైపూర్ దగ్గర భాంక్రోటాలో ఎల్పీజీ ట్యాంకరు ప్రమాదం జరిగింది రోడ్డు మీదే.
- లైను, టెర్మినల్ ఒకదాన్నొకటి అంటించే అవకాశం చూశారా? రెండు రిపోర్టులు ఇద్దరు కన్సల్టెంట్లు విడివిడిగా రాస్తే ఇది ఎవరి ఖాతాలోకీ రాదు.

ఏ కాగితాలు, ఎవరి దగ్గర

1989 ప్రమాదకర రసాయనాల నిబంధనల ప్రకారం, పరిమితికి మించి నిల్వ ఉంచే టెర్మినల్ యాజమాన్యం చుట్టుపక్కల వాళ్లకు ప్రమాదం ఎలా ఉండొచ్చో, ఏం చేయాలో ముందే చెప్పాలి. ప్రహరీ బయటి ప్రణాళిక జిల్లా యంత్రాంగం బాధ్యత, ఏడాదికోసారి మాక్ డ్రిల్ చేయాలి. కలెక్టరేటుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టి ఆ ప్రణాళిక, గత డ్రిల్ నివేదిక అడగండి. లైను భద్రతా ప్రమాణాలు పెట్రోలియం, సహజ వాయువు నియంత్రణ మండలి (పీఎన్‌జీఆర్‌బీ) చూస్తుంది. కంపెనీ నుంచి కోరాల్సింది చివరి ఇంటెలిజెంట్ పిగ్ రిపోర్టు సారాంశం, గత రెండేళ్ల పిగ్గింగ్‌లో వచ్చిన నీటి లెక్క, గ్యాస్ డ్యూ పాయింట్ (గ్యాస్‌లోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత) రీడింగులు. మొత్తం ఇవ్వం, రహస్యం అంటారు. మీ ఇంటికి రెండు వైపులా ఒక్కో కిలోమీటరు మేర పైపు గోడ కనిష్ఠ మందం ఎంతో చెప్పమనండి, అది ఒక్క వాక్యం.

ఈలోగా ఇంట్లోవాళ్లకు ఇంతే చెప్పండి: బుస వినబడినా, తెల్లటి పొగ కనబడినా బండి స్టార్ట్ చేయొద్దు, లైటు స్విచ్ ముట్టొద్దు. పొయ్యి వెలుగుతుంటే ఆర్పేయాలి. వెలగకపోతే వెలిగించొద్దు. నడిచే, గాలికి అడ్డంగానో ఎదురుగానో, లైనుకు దూరంగా పోవాలి. ఎల్పీజీ అయితే పల్లం వైపు వెళ్లకూడదు. కనీసం 300 మీటర్లు దాటాకే ఫోన్ తీసి, లైను వెంట పాతిన మార్కరు మీది నంబరుకు చేయాలి. ఆ నంబరు ఇవాళే రాసిపెట్టుకోండి, చాలా మార్కర్ల మీద రంగు వెలిసిపోయి ఉంటుంది.